మిద్దెక్కని వైఫై

కల్లూరులో మా సందులో ఒక్కంతస్తు ఇల్లు వెతికితే గానీ కనబడదు. కర్నూలు పెరిగి పెరిగి హంద్రీ దాటి వచ్చి మమ్మల్ని కలిపేసుకున్నాక, పక్క స్థలం కొనలేని వాళ్లంతా పైకి కట్టుకున్నారు. మాదీ అంతే. కింద మామ కట్టించిన రాతి గోడల ఇల్లు, దాని మీద మేము, ఆ పైన మరిది వాళ్లు. ఏ కొత్త యంత్రం కొన్నా అది ఎక్కడ పెట్టాలన్నదే ఇంట్లో మొదటి పంచాయితీ.

చూడండి, ఆ పంచాయితీలో ఎప్పుడూ ముందు హాలే గెలుస్తుంది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి రేడియో పెట్టుకునే రోజుల్లో అది హాల్లో మామ కుర్చీ పక్కనే ఉండేది. కడప కేంద్రం పాటలు వంటింట్లోకి వినబడాలంటే సౌండు పెంచాలి, పెంచితే మామ కసిరేవారట. తరవాత ల్యాండ్‌లైను వచ్చింది. అదీ హాల్లోనే, అల్లిక గుడ్డ కప్పుకుని. పుట్టింటి కబురు పదిమంది ముందు మాట్లాడాల్సిందే. 1990ల్లో కేబుల్ టీవీ కుర్రాడు మాత్రం స్లాబుకు ఒక మూల బెజ్జం కొట్టి తీగ పైకి లాగాడు. ఆ బెజ్జాన్ని గుర్తుంచుకోండి.

అసలు వైఫై పుట్టుకలో వంటింటికి వాటా ఉందంటే నమ్ముతారా? రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి రాడార్ల పనిలో ఉన్న పెర్సీ స్పెన్సర్ అనే అమెరికా ఇంజనీరు, అవే తరంగాలతో వంట చేయొచ్చని కనిపెట్టాడు. మైక్రోవేవ్ ఓవెన్ అలా వచ్చింది. ఓవెన్లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అంతా గోలే కాబట్టి రేడియో కంపెనీలు ఆ వైపు పెద్దగా చూడలేదు. ఆ చెత్త ముక్కనే 1985లో అమెరికా ప్రభుత్వం లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని తెరిచింది. 1997లో దాని మీద తొలి వైర్‌లెస్ ప్రమాణం తయారైంది, వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో 11 అయింది, వైఫై అనే పేరూ అప్పుడే పెట్టారు. గదిలో గోడలకు తగిలి ప్రతిధ్వనిలా తిరిగొచ్చే తరంగాల చిక్కును విప్పినవాళ్లలో ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ సంస్థకు చెందిన జాన్ ఓసలివన్ బృందం ముఖ్యం. ఓసలివన్‌కు ఆ లెక్క నక్షత్ర శాస్త్రంలో కృష్ణబిలాల సంకేతాలు వెతకబోతే అబ్బింది. మన దేశంలో 2.4 మీద లైసెన్సు ఎత్తేసింది 2005లో.

ఇక మన రాష్ట్రం సంగతి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబరు లాగారు. టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలని మొదట్లో చెప్పుకున్నారు. ఊళ్లూ వాగులూ దాటొచ్చే తీగ ఇంటికొచ్చేసరికి ఏమవుతుంది? హాల్లో రూటరు దగ్గర ఆగుతుంది. మా ఇంట్లోనూ అంతే.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. మా తోడికోడలు టీచరు. పై అంతస్తులో సిగ్నల్ సున్నా. మెట్ల మలుపులో మాత్రం రెండు గీతలు వచ్చేవి. ఆ ఎండల్లో మెట్ల మీద కూర్చుని, ఒళ్లో ఫోను పెట్టుకుని పిల్లలకు లెక్కలు చెప్పింది. ఎవరైనా బకెట్టు పట్టుకుని దిగాలంటే ఆవిడ లేచి దారివ్వాలి. హాల్లో ఖాళీగా ఉన్న సోఫాకు మాత్రం నిండా సిగ్నల్! ఇది అన్యాయమని నేనన్నా ఎవరికీ పెద్దగా పట్టలేదు. మా అత్త కదిలించింది చివరికి.

"టీచరమ్మ మెట్ల మీద కూర్చునేది ఏ ఊర్లో ఉందిరా?" అని కొడుకులిద్దర్నీ అడిగింది.

ముందొక రిపీటరు కొన్నారు. సిగ్నల్ అందని గదిలో పెడితే అది పంచడానికి దాని దగ్గరా ఏమీ ఉండదు. సగం దారిలో పెట్టాలి. ఒకే రేడియోతో అందుకోవడం, పంపడం రెండూ చేసే రకమైతే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. స్లాబులో ఇనుప కడ్డీలు, కింద రాతి గోడలు, వాటికి తోడు రూటరు యాంటెనా నిలువుగా ఉంటే తరంగం పక్కలకే ఎక్కువ పోతుంది, పైకి తక్కువ. ఒక యాంటెనాను అడ్డంగా వంచితే పైకి కాస్త ఎక్కుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే గానీ గోడ దాటడంలో 2.4 కంటే బలహీనం.

ఖాయమైన మార్గం తీగే. ఒక్కో అంతస్తుకూ ల్యాన్ తీగ లాగి, చివర ఒక యాక్సెస్ పాయింటు పెట్టడం. ఒక్క తీగ వంద మీటర్ల దాకా పోతుంది, మూడు మిద్దెలు దానికో లెక్కా! కొత్తగా స్లాబు కొట్టాలేమోనని మా ఆయన తల పట్టుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ కేబుల్ కుర్రాడి బెజ్జం. పాత తీగ పీకి అందులోంచే కొత్తది దూర్చాం. అన్ని పెట్టెలకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాం, మెట్లెక్కినా ఫోను తనే దగ్గరి దాన్ని పట్టుకుంటుంది.

పైన ఒకటి, మా అంతస్తులో ఒకటి బిగించాక ఇంకొకటి మిగిలింది. కింద ముందు గదిలో పెడదామన్నారు. కింది వంటింట్లోకి రాతి గోడ దాటి సిగ్నల్ రాదని అత్త పట్టుబట్టింది. ఇప్పుడది బియ్యం డబ్బా పైనున్న అలమరలో ఉంది, ఓవెన్‌కు మాత్రం దూరంగా.