బిజిలీ-పానీ మిలాకే

"కిరాయి ఎంత?" అని మేం ఎన్నడూ ఒట్టిగా అడగలేదు. "బిజిలీ-పానీ మిలాకే కిత్నా?" అనే అడిగాం. కరెంటు, నల్లానీళ్లు కలుపుకొని ఎంతని. పాతబస్తీలో పుట్టినోళ్లకు ఇది బేరం మాట కాదు, బతుకు మాట.

ఈ 'మిలాకే' వెనక ఒక చరిత్ర ఉంది. 1908 మూసీ వరద నగరాన్ని ఊడ్చేసింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టడం పూర్తయింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కేంద్రం పొగ గొట్టాలు లేచాయి. నీళ్లొచ్చాయి, వెలుతురొచ్చింది. ఎవరి గడప దాకా? ముందు దేవిడీల దాకా. నవాబుల నగరం కాబట్టి మేమంతా నవాబులమేనని లోకం ఇప్పటికీ అనుకుంటుంది. ఆ దేవిడీల్లో తోలుసంచితో నీళ్లు మోసిన భిష్తీలు, దేగ్చీలు తోమినోళ్లు, గుర్రాలకు గడ్డేసినోళ్లు కూడా మావాళ్లే. వాళ్ల పేర్లు ఏ తారీఖ్ పుస్తకంలోనూ లేవు.

1948లో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు. దేవిడీలకు రాబడి ఆగింది. మాకు తెలిసిన దేవిడీల్లో దివాన్‌ఖానాకు అడ్డంగా ఇటుక గోడ లేచింది. జనానా నాలుగు పోర్షన్లయింది. మీటరు మాత్రం ఒక్కటే, సెహన్‌లో నల్లా ఒక్కటే. ఎవరి వాటా ఎంతో తేల్చే దారి లేక కిరాయిలోనే కలిపేశారు.

మేం పెరిగింది అలాంటి ఒక పోర్షన్‌లోనే. నలభై వాట్ల బల్బుకే ఇజాజత్. ఇస్త్రీపెట్టె పెడితే మాలిక్ బేగం పైనుంచే కేకేసేది. రాత్రి పదింటికి మెయిన్ కట్టేస్తే మేం కందిలి వెలిగించి పరీక్షలకు చదివాం. కారణం లేకుండా కిరాయిదారుకు నీళ్లు, కరెంటు తీసేయకూడదని 1960 నాటి కిరాయి చట్టంలోనే రాసుంది. అది మాకు డిగ్రీ అయ్యాక తెలిసింది. ముందే తెలిసినా ఏం చేసేవాళ్లం? రేపు మళ్లీ ఆ మెట్లే ఎక్కాలి కదా.

కొలువొచ్చాక మూసీ దాటి అపార్ట్‌మెంట్ వెతికాం. తెలుగులో ఫోన్ చేస్తే "రండి, చూసుకోండి" అనేవాళ్లు. పేరు చెప్పాక "ఇప్పుడే ఇచ్చేశామండీ" అనేవాళ్లు. వారం తర్వాత వెళ్తే టులెట్ బోర్డు అక్కడే వేలాడుతుండేది. కొందరు "మేం వెజిటేరియన్లం" అన్నారు. పక్క ఫ్లాట్ నుంచి కోడికూర వాసన వస్తూనే ఉంది! ముస్లింలకు ఇళ్లు దొరకడం కష్టమైపోయిందని 2006లో సచార్ కమిటీ రాసింది. మాకు అది వార్త కాదు.

చివరికి మావాళ్ల మొహల్లాలోనే ఒక ఫ్లాట్ దొరికింది, మళ్లీ 'మిలాకే'. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్ డబ్బులు మాత్రం మిలాకేలో లేవట. మాలిక్ మావాడే. అగ్రిమెంటు కాగితం అడిగితే "భాయీ, అప్నోఁ మే కాగజ్ కైకూ?" అన్నాడు. మావాడి దోపిడీ గురించి కూడా మేమే రాయాలి.

కాగజ్ విలువ 2019 డిసెంబరులో తెలిసింది. పౌరసత్వం మాటతో ఇంటింటా ట్రంకుపెట్టెలు తెరిచారు. ఓటరు నమోదుకు, పాస్‌పోర్టుకు చిరునామా రుజువు కావాలంటే జనం ముందు తీసేది కరెంటు బిల్లు. మేం ఎన్నేళ్లుగానో ఈ నగరానికి కరెంటు డబ్బులు కడుతూనే ఉన్నాం. కిరాయిలో కలిపి కట్టాం. ఒక్క బిల్లు మీద కూడా మా పేరు లేదు. పెట్టెలో దొరికినవి అబ్బాజాన్ నిఖానామా, అమ్మీ రేషన్‌కార్డు, మా పదో తరగతి మెమో.

2024లో గృహజ్యోతి వచ్చింది. తెల్ల రేషన్‌కార్డు ఉన్నోళ్లకు రెండొందల యూనిట్ల దాకా బిల్లు లేదు. కిరాయిదార్లకూ వర్తిస్తుందన్నారు. మేం పెరిగిన పాత పోర్షన్‌కి వెళ్లి చూశాం. నాలుగు కుటుంబాలు, ఒకటే మీటరు. అందరి వాడకం కలిసి నెల తిరక్కుండానే రెండొందలు దాటుతుంది. శ్లాబు కూడా పైకి పోతుంది. విడి మీటర్లు పెట్టించమని మాలిక్ కొడుకును అడిగాం. పెట్టిస్తాడట. కానీ అప్పుడు కిరాయి 'మిలాకే' కాదట, కిరాయి మాత్రం ఇంతేనట.