గర్భిణి, బాలింత పోషణ: సలహాలు అనేకం, ఆచరణ భారం తల్లిదే

కాసిడీహ్ (జంషెడ్‌పూర్): గర్భం దాల్చిన నాటి నుంచి బిడ్డకు రెండేళ్లు నిండే వరకు, అంటే సుమారు వెయ్యి రోజుల పాటు, తల్లికి ఆహారంపై సలహాలు అన్ని వైపుల నుంచీ అందుతుంటాయి. వైద్యులు, అంగన్‌వాడీ కార్యకర్త, ఝార్ఖండ్‌లో ‘సహియా’గా పిలిచే ఆశా కార్యకర్త, అత్తగారు, పుట్టింటివారు తలా ఒక మాట చెబుతారు. ఆ మాటలు పొసగనప్పుడు ఏది పాటించాలో తేల్చుకోవలసింది తల్లే.

రెండు భాషల నడుమ

ఉక్కు కర్మాగారం, రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ చిక్కుకు భాష కూడా తోడవుతుంది. ఆరోగ్య కేంద్రంలో సలహా హిందీలో, ఇంట్లో పథ్యం తెలుగులో వినిపిస్తాయి. అక్కడ తినమనే ‘మడువా’ ఇంట్లోని చోళ్లే (రాగులు). ‘ముంగా సాగ్’ మన మునగాకే. ఈ సంగతి విడమరచి చెబితే కొత్తగా తోచిన సలహా పరిచితమైన వంటగా మారుతుంది.

పొసగని మాటలు

గర్భిణి ఎక్కువగా తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు పెద్దలు వారిస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా 350 కిలో కేలరీలు, పాలిచ్చే తల్లికి తొలి ఆరు నెలల్లో 600 కిలో కేలరీలు అవసరం. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలని, ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీరు కూడా ఇవ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పుట్టగానే నాలుకకు తేనె రాసే ఆచారం ఇందుకు విరుద్ధం. ఏడాది లోపు శిశువుకు తేనె ప్రమాదకరం కూడా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన శిశువులు 41.8 శాతమే. 6-23 నెలల పిల్లల్లో తగిన ఆహారం పొందుతున్నది 11.3 శాతం మాత్రమే.

మాత్రలు ఎందుకు మానేస్తారు

గర్భిణి 180 రోజులు, ప్రసవానంతరం మరో 180 రోజులు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకోవాలి. వికారం, మలబద్ధకం, మలం నల్లబడటం చూసి కొందరు భయపడి మానేస్తారు. మలం నల్లబడటం హానికరం కాదని, ఈ మాత్రను టీతో గాని, కాల్షియం మాత్రతో కలిపి గాని వేసుకోరాదని ముందే చెబితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

పొరుగు జిల్లాల అనుభవం

వినేవారికి మాట్లాడే అవకాశం ఇస్తే ఫలితం ఎలా ఉంటుందో జంషెడ్‌పూర్ పొరుగు జిల్లాల్లోనే తెలిసింది. చక్రధర్‌పూర్ కేంద్రంగా పనిచేసే ‘ఏక్‌జుట్’ సంస్థ పశ్చిమ సింగ్‌భూమ్, సరాయ్‌కేలా-ఖర్సావాఁ, ఒడిశాలోని కెందుఝర్ జిల్లాల్లో మహిళా బృందాల సమావేశాలు నిర్వహించింది. మహిళలే సమస్యలను గుర్తించి, పరిష్కారాలను చర్చించుకున్నారు. ఆ అధ్యయనం చివరి రెండేళ్లలో ఈ బృందాలున్న చోట నవజాత శిశు మరణాలు 45 శాతం తక్కువగా ఉన్నట్లు 2010లో ‘ద లాన్సెట్’ ప్రచురించింది. ఇంటింటి సందర్శనలను జోడించిన మరో అధ్యయనం ఫలితాలు 2017లో వెలువడ్డాయి. పిల్లల ఎత్తులో గణనీయ మార్పు కనిపించలేదు గాని, తల్లీబిడ్డల ఆహారంలో వైవిధ్యం పెరిగింది.

సలహా ఒక్కటే చాలదని కూడా దీనివల్ల అర్థమవుతుంది. గుడ్డు, పప్పు, ఆకుకూర కొనే స్తోమత, వండే తీరిక, ఇంట్లో అందరితో సమానంగా వడ్డించుకునే హక్కు ఉన్నప్పుడే అది తల్లి కంచంలోకి చేరుతుంది. అందుకే భర్తను, అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెప్పడం అవసరం.