ఓడరేవు పక్కనే బస్టాండు

స్ప్లిట్‌లో బస్టాండు కోసం ఎవరినీ దారి అడగక్కర్లేదు. ఓడ దిగితే ఎదురుగానే ఉంటుంది. దుబ్రోవ్నిక్‌లోనూ అంతే, గ్రూజ్ రేవు దగ్గరే బస్సులు ఆగుతాయి. క్రొయేషియా తీరంలో రాకపోకలన్నీ శతాబ్దాలపాటు నీటి మీదే సాగాయి. బస్సు వచ్చి ఓడ పక్కన చోటు చూసుకుంది.

దీనికి కారణం కొండలు. వెలెబిట్, బియోకొవో పర్వతాలు చాలాచోట్ల సముద్రం అంచుదాకా దిగుతాయి. రోడ్డు వేద్దామంటే చదును నేల దొరకదు. 1836లో త్రియెస్తెలో పుట్టిన ఆస్ట్రియన్ లాయిడ్ కంపెనీ ఆవిరి ఓడలు ఈ ఊళ్లను కలిపాయి. యుగోస్లావియా ప్రభుత్వం 1947లో రియెకాలో పెట్టిన యాద్రోలినియా సంస్థ ఆ పనిని అందుకుంది. రైళ్లు రాలేదా అంటే వచ్చాయి: రియెకాకు 1873లో, స్ప్లిట్‌కు 1877లో, దుబ్రోవ్నిక్‌కు 1901లో. అయితే అన్నీ లోతట్టు నుంచి సముద్రానికి దిగినవే. ఈ మూడు ఊళ్లనూ తీరం వెంట కలిపే రైలు మార్గం ఈనాటికీ లేదు. దుబ్రోవ్నిక్‌కు ఉన్న ఆ ఒక్క నేరోగేజి లైనునూ 1976లో ఎత్తేశారు.

బస్సుకు అసలు రోజులు యాద్రాన్‌స్కా మగిస్త్రాలాతో మొదలయ్యాయి. కొండ అంచును తొలిచి వేసిన ఈ తీర రహదారి 1965 నాటికి పూర్తయింది. దాని వెంటే పర్యాటకులు వచ్చారు. వాళ్ల కోసం ఇళ్ల ముందు ‘సోబే’ బోర్డులు వెలిశాయి. గదులు అద్దెకిస్తామని చెప్పే ఆ బోర్డు పక్కనే జర్మన్‌లో ‘త్సిమ్మర్’ అనీ రాసేవారు. బస్సు ఆగగానే ఇంటి యజమానురాళ్లు బస్టాండులోనే బేరం మొదలుపెట్టేవారు. హోటల్ బుకింగ్ లేకుండా వచ్చినవాళ్లకు అంతకంటే తేలిక దారి లేదు. బస్సు అడుగున సామాను పెట్టినందుకు విడిగా డబ్బు కట్టడం ఇక్కడి పాత పద్ధతి. టికెట్టు చేతిలో ఉంది కదా అని ధీమాగా దిగిన కొత్తవాళ్లు అక్కడే నివ్వెరపోతారు. దక్షిణానికి వెళ్లేటప్పుడు సముద్రం కుడిపక్కన ఉంటుంది. ఆ వైపు సీటు కోసం తోపులాట మామూలే.

రోడ్డు ఉన్నంత మాత్రాన ప్రయాణం సాగుతుందన్న హామీ లేదు. చలికాలంలో వెలెబిట్ మీంచి బురా గాలి విరుచుకుపడితే బస్సులను ఆపేస్తారు. యుగోస్లావియా ముక్కలైన 1991 యుద్ధంలో ఈ రోడ్డు మీది మస్లెనిత్సా వంతెన కూలిపోయాక జాదర్ వైపు వెళ్లేవాళ్లు పాగ్ ద్వీపం మీదుగా ఫెర్రీ ఎక్కాల్సి వచ్చింది. అంటే మళ్లీ ఓడే దిక్కయింది.

అన్నిటికన్నా విచిత్రం నెయుమ్ దగ్గర జరిగేది. స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్‌కు, అంటే ఒకే దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తూ ప్రయాణికులు పాస్‌పోర్టు తీయాల్సి వచ్చేది. మధ్యలో ఇరవై కిలోమీటర్ల మేర బోస్నియా తీరం అడ్డు వస్తుంది మరి. ఆ ముక్క వెనక దుబ్రోవ్నిక్ వర్తకుల తెలివి ఉంది. వెనిస్‌తో సరిహద్దు పంచుకోవడం అప్పట్లో చిన్న రిపబ్లిక్‌గా ఉన్న దుబ్రోవ్నిక్‌కు గుండెల మీద కుంపటి. అందుకే 1699 కార్లోవిట్జ్ సంధి వేళ రెండు వైపులా కొంత నేలను ఒట్టొమన్లకు వదిలేసి, వెనిస్‌కూ తమకూ మధ్య వాళ్లను నిలబెట్టింది. రిపబ్లిక్ పోయింది, వెనిస్ పోయింది, ఒట్టొమన్లూ పోయారు. గీత మాత్రం నిలిచిపోయింది. యుగోస్లావియా ఉన్నన్నాళ్లూ ఎవరికీ పట్టని ఆ గీత, దేశం ముక్కలయ్యాక అంతర్జాతీయ సరిహద్దయింది. నెయుమ్ వ్యాపారులకు అదీ కలిసొచ్చింది: బస్సులు కాసేపు ఆగేవి, సరుకు చవకని జనం దిగి కొనుక్కునేవారు.

ఈ ముక్కను తప్పించుకుని పెల్యెషాట్స్ ద్వీపకల్పం మీదుగా వెళ్లేందుకు 2022 జులై 26న పెల్యెషాట్స్ వంతెన తెరిచారు. పొడవు 2,404 మీటర్లు. యూరోపియన్ యూనియన్ నిధులతో చైనా కంపెనీ కట్టింది. ఇప్పుడు నెయుమ్‌ను తాకకుండానే దుబ్రోవ్నిక్ చేరవచ్చు. సముద్రంలోకి తమ ఓడల దారి మూసుకుపోతుందని బోస్నియా అభ్యంతరం చెప్పడంతో వంతెనను నీటికి 55 మీటర్ల ఎత్తున లేపారు. నెయుమ్‌లో అంత ఎత్తు ఓడలు ఆగే వాణిజ్య రేవు మాత్రం లేదు.