కరగని విగ్రహాలు

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి పెన్నేటి ఒడ్డునే ఉంటుంది. ఏరు అంటాం గానీ, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ కనబడేది ఇసుకే. వేసవిలో ఆ ఇసుకలో చెలమ తోడేవాళ్లు. అడుగున మట్టి రంగు నీళ్లు ఊరేదాకా కూర్చుని, చిప్పతో ఎత్తి, గుడ్డలో వడగట్టి బిందెలో పోసుకునేవాళ్లు. గుడి లోపల మాత్రం లింగం అడుగున బుగ్గ ఊరుతూనే ఉంటుంది. ఆ గుడి కట్టించినవాడు పెమ్మసాని రామలింగనాయుడు. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణస్వామి గుడి కూడా ఆ వంశంవాళ్లదే. రామలింగేశ్వరుడి గోపురాలు పూర్తి కాకుండా మొండిగా నిలిచిపోయాయి. వాటి మీది శిల్పాన్ని అందరూ మెచ్చుకుంటారు. కట్టించినవాళ్లు ఏమైపోయారని అడిగేవాళ్లు తక్కువ. అది తెలియాలంటే ఆ ఇసుక దారి పట్టుకుని తూర్పుగా గండికోటకు పోవాలి.

మా అనంతపురానికి నైరుతి మబ్బులు సరిగా అందవు, పడమటి కనుమలు అడ్డం. ఈశాన్యం మబ్బులు కోస్తాలో కురిసి, అలసిపోయి వస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. నంది కొండల్లో పుట్టిన పెన్న ఈ ఎండు సీమంతా దాటుకుని వెళ్లి ఎర్రమల కొండలను నిలువునా కోసింది. కోసినచోటే గండి, గండి మీద కోట. అంచున నిలబడి చూస్తే ఎర్రటి బండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు రెండు మూడు వందల అడుగుల లోతుకు దిగిపోతాయి. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాయి అది. సన్నటి ఏరు ఇంత పని చేసిందంటే చూసినవాళ్లు నమ్మలేరు. నేనూ మొదటిసారి నమ్మలేదు.

ఉత్తరాన ఈ లోయ ఉంటే ఇంక గోడతో పనేముంది? మిగతా మూడు వైపులా కొండరాతితో ప్రాకారం కట్టారు. లోపల మాధవరాయస్వామికి, రంగనాథస్వామికి గుళ్లు, ధాన్యాగారం, కోనేర్లు. విజయనగరం కొలువులో పెమ్మసాని నాయకులు తరతరాలుగా ఈ కోటను ఏలారు. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో సామ్రాజ్యం కూలింది. రాజులు పెనుకొండకు, అక్కడినుంచి చంద్రగిరికి, వేలూరుకు తరలిపోయారు. కాపాడే రాజే అంత దూరం పోయాక కూడా గండికోట ఎనభై ఏళ్లకు పైగా నిలబడింది. ఈ నిలబడటాన్ని మన చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేయడం నాకు బాధగా ఉంటుంది.

1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా సేనాని మీర్ జుమ్లా ఈ కోట మీదికి వచ్చాడు. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో గడించి, దివాన్ దాకా ఎదిగిన మనిషి. అప్పుడు కోటలో ఉన్నది పెమ్మసాని తిమ్మానాయుడు. ముట్టడి మూడు నెలలు సాగిందని, డచ్చివాళ్ల కొలువు విడిచి వచ్చిన ఫ్రెంచి ఫిరంగివాళ్లు లేకపోతే కోట చిక్కేదే కాదని ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే రాశాడు. జనం చెప్పుకునే కథ వేరు. గోడను ఫిరంగి కొట్టలేదు, లోపలి మనిషే అమ్మాడంటారు. బదులుగా గుత్తి కోట ఇస్తామని ఒప్పించి మోసం చేశారని ఒకరు, తిమ్మానాయుడికి విషం పెట్టారని ఇంకొకరు, అంతఃపురం ఆడవాళ్లు నిప్పుల్లో దూకారని మరొకరు. ఇందులో ఎంత నిజమో తేల్చడం నా పని కాదు. ఫిరంగికి ఓడామని ఏ ఊరూ ఒప్పుకోలేదు. నమ్మినవాడు చేసిన ద్రోహాన్ని మాత్రం ఏ ఊరూ మరిచిపోలేదు.

తావెర్నియే 1652లో ఈ కొండ ఎక్కాడు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్య ఇరుకైన దారి. పైకి వచ్చాక చదునైన నేల, అందులో వరి, చిరుధాన్యాలు, వాటిని తడిపే ఊటలు. ఆ మాట దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. చుట్టూ ఎండిపోయిన సీమ మధ్య, ఆ బండ మీద, మడి తడిసేన్ని నీళ్లు!

ఆయన రాసిన ఇంకో సంగతి ఉంది. మీర్ జుమ్లా ఫిరంగులు పోయించడానికి గుళ్లలోని రాగి విగ్రహాలను పోగు చేయించాడు. మాయే అనే ఫ్రెంచివాడు కొలిమి పెట్టి మిగతావాటిని కరిగించాడు. గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత కాల్చినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్లను బెదిరించాడట. కొలిమి వేడి చాలకపోయి ఉండొచ్చు. అయినా కోట పోయి, రాజు పోయి, దిక్కు లేని ఆ రోజుల్లో ఎదురు నిలిచినవి ఆ ఆరు విగ్రహాలేనన్న ఊహ నన్ను వదలదు.

మీర్ జుమ్లా కొన్నేళ్లకే గోల్కొండను విడిచి మొగలాయీల పక్షం చేరాడు. 1663లో అస్సాం దండయాత్ర నుంచి తిరిగొస్తూ పోయాడు. ఇక కోట పోగొట్టుకున్నవాళ్ల సంగతి. తమిళనాట కురువికుళం జమీందారులు తాము పెమ్మసాని వంశీకులమని చెప్పుకుంటారు. అంతదూరం వలస పోయారన్నమాట. మా సీమవాళ్లకు వలస ఎప్పుడూ కొత్త కాదు.

ఇప్పుడు గండికోట పేరు మీదే 26 టీఎంసీలకు పైగా పట్టే జలాశయం ఉంది. శ్రీశైలం నుంచి గాలేరు–నగరి కాలువలో కృష్ణా నీళ్లు వచ్చి నిండుతుంది. ఆ నీళ్లు సీమకు కావాలి, ఎంతైనా కావాలి. వాటికోసం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగిపోయాయి. 2020లో ఇళ్లు ఖాళీ చేసినవాళ్లకు కోట పోగొట్టుకున్న నాయకుడి బాధ ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

సాయంత్రం లోయ అంచున జనం గుమిగూడి ఉంటారు. ఫొటోలు తీసుకుని, పొద్దు గుంకాక వెనుదిరుగుతారు. కత్తుల కోనేరు, మసీదు, ధాన్యాగారం దాటి మాధవరాయ గుడి దాకా వచ్చేవాళ్లు కొద్దిమందే. నేను వెళ్లినప్పుడు మండపంలో ఒక మేకలకాపరి నీడకు కూర్చుని సద్దిమూట విప్పుతున్నాడు. సామి ఎక్కడ అని అడిగితే తినడం ఆపి తూర్పుకు చేయి చూపించాడు. "మైదుకూరుకు ఎత్తుకపోయినారంట అన్నా, ఆడ పూజలు జరుగుతాండాయి" అన్నాడు.

గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. గర్భగుడి ఖాళీగా ఉంది.