గుడపుష్పము: ఇప్పచెట్టు చరిత్రము

ఆంధ్రదేశపు మన్యములయందును, తెలంగాణపు అడవులయందును, చేలగట్లమీదను ఇప్పచెట్టు నెఱుగనివా రరుదు. ఈ చెట్టు పువ్వు ఆహారమును, మద్యమునకు మూలమును గూడ నగుటచే దీని చరిత్రమందు రెండు దృష్టులు పెనగొనియున్నవి. అడవిలో నివసించువానికి ఇది వేసవియందు తినదగిన తీపి. పన్నుల యధికారికి ఇది సారాబట్టీకి ముడిసరకు. ఈ రెంటిలో ఏ దృష్టి ప్రాచీనము, ఏది యర్వాచీనము అను ప్రశ్నకు చెట్టు పేళ్లును, శాస్త్రగ్రంథములును, చట్టములును సాక్ష్య మిచ్చుచున్నవి.

ముందుగా దేశ్యనామము. తెలుగున ఇప్ప, కన్నడమున ఇప్పె, తమిళమున ఇరుప్పై లేక ఇలుప్పై, మలయాళమున ఇరిప్ప, గోండిభాషయందు ఇరుప్. ఈ రూపము లన్నియు నొకే మూలమునుండి కలిగినవి. తమిళమున నిలిచిన మధ్యరేఫము తెలుగున లోపించుట వింత గాదు. మరుందు–మందు, ఎరుదు–ఎద్దు అను జంటలయందును ఈ మార్పే కానవచ్చును. కావున ఇప్ప యనునది సంస్కృతభవము గాక ద్రావిడభాషలకు సామాన్యమైన పురాతనపదము. ఇప్పగూడెము, ఇప్పలపల్లి మొదలగు గ్రామనామములయందు నిది నేటికిని నిలిచియున్నది. ఉత్తరదేశమున వ్యవహరించు మహువా యను పేరు సంస్కృత మధూకశబ్దమునకు ప్రాకృతము మీదుగా వచ్చిన వికృతి.

అమరకోశము వనౌషధివర్గమున ఈ చెట్టునకు మధూకము, గుడపుష్పము, మధుద్రుమము, వానప్రస్థము, మధుష్ఠీలము అను నైదు పేళ్లను జెప్పి, నీటిదరిని బెరుగు భేదమునకు మధూలకమని వేఱుపేరు నొసగినది. మధుశబ్దమునకు తేనె యనియు, మద్యమనియు రెండర్థము లుండుటచే మధుద్రుమనామమును బట్టి యేదియు నిశ్చయింప వలనుపడదు. గుడపుష్పనామమున నట్టి సందేహము లేదు. గుడ మనగా బెల్లము. బెల్లమువంటి పువ్వు గలది గుడపుష్పము. చెఱకుగానుగ లేని యూరికి ఇప్పపువ్వే చక్కెర యను తమిళుల సామెతయు నీ యర్థమునే బలపఱచుచున్నది. వైద్యగ్రంథములను జదువువారు మధూక, మధుక శబ్దములను గలగాపులగము చేయరాదు. దీర్ఘోకారము గల మధూకము ఇప్ప. హ్రస్వోకారము గల మధుకము అతిమధురము.

ఈ చెట్టు పొగడ, సపోటాల కుటుంబమునకు జెందినది. శిశిరాంతమున ఆకు రాల్చి, ఫాల్గునచైత్రములయందు కొమ్మల కొనల గుత్తులుగా బూచును. పువ్వు కండగలిగి లేతపసుపు గలసిన తెలుపురంగున నుండును. రాత్రివేళ గబ్బిలములు వచ్చి పువ్వులను సేవించుటచే పుప్పొడి చెట్టునుండి చెట్టునకు చేరును. తెల్లవారుజామున పువ్వులు నేలరాలగా, ఎండ యెక్కకమునుపే స్త్రీలును బాలురును గంపలతో బోయి యేఱుకొందురు. ఆదిలాబాదు మండలమున గోండులును, కొలాములును తొలిపువ్వును దేవతకు సమర్పించిన పిదపనే యేఱుట మొదలిడుదురు. ఎండిన పువ్వు ద్రాక్షవలె ముడుతపడును. అందు సగము బరువునకు మించి చక్కెర యుండును. దానిని వేయించి తిందురు, దంచి ధాన్యముతో గలిపి వండుకొందురు, పశువులకు బెట్టుదురు, ఏడాది పొడవున నిలువజేసికొందురు.

పూత ముగిసిన రెండుమూడు నెలలకు కాయ పండును. గింజలనుండి తీసిన నూనె చల్లనివేళ నేతివలె గడ్డకట్టును. ఇది వంటకును, దీపమునకును, సబ్బుల తయారీకిని పనికివచ్చును. తమిళదేశమున దేవాలయదీపములకు ఇప్పనూనె వాడుట పూర్వాచారము. నూనె తీసిన పిదప మిగులు చెక్కయందు నురుగునిచ్చు విషపదార్థ ముండుటచే దానిని నీట గలిపినచో చేపలు మత్తిల్లి తేలును. కలప గట్టిది, బరువైనది. అయినను ఏటేట పువ్వును, గింజను ఇచ్చు చెట్టును కలపకై నఱకుట నష్టమని యెఱిగి, అడవిని కొట్టి చేను చేసికొనునపుడు సైతము గిరిజనులు ఇప్పచెట్లను విడిచిపెట్టుచుందురు.

ప్రాచీనగ్రంథములయందు ఈ యుపయోగములు వేర్వేఱుగ గుర్తింపబడినవి. కౌటిల్యుని యర్థశాస్త్రము కోష్ఠాగారాధ్యక్షప్రకరణమున నువ్వులు, కుసుమలు, ఇప్ప, గార గింజలనుండి నాల్గవవంతు నూనె రావలెనని లెక్కగట్టినది. చరకసంహిత పుష్పాసవములు పదింటిలో మధూకమును జేర్చినది. మనుస్మృతి నిషేధించిన మూడు సురలలో మాధ్వి యనగా నిప్పపూలసారాయని కొందఱు వ్యాఖ్యాతల మతము. కాళిదాసు కుమారసంభవమున పార్వతి పెండ్లికొప్పునకును, రఘువంశమున ఇందుమతి స్వయంవరమాలకును మధూకపుష్పములను వాడెను. అనగా నొకే పువ్వు నూనెగింజల పట్టికలోను, ఔషధములలోను, నిషేధములలోను, పెండ్లిమాలలోను చోటు గన్నది. మద్యముపై పన్నును దీసికొన్న కౌటిల్యుడు సైతము గృహస్థులు శుభకార్యములందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును జేసికొనవచ్చు ననియు, ఉత్సవయాత్రలయందు నాలుగుదినములు సురను జేయ ననుమతింపవలె ననియు విధించెను. రాజ్యమునకు రాబడి కావలసినను ఇంటిలోని కుండను విడిచిపెట్టవలె ననుట ఆ విధిసారము.

అక్బరు కాలమున అబుల్ ఫజల్ ఆయినీ అక్బరీయందు ఈ చెట్టు మామిడిని బోలియుండు ననియు, కలప గృహనిర్మాణమునకు పనికివచ్చు ననియు, దానినుండి మద్యము తీయుదు రనియు వ్రాసెను. ఐరోపావారిలో దీనిని శాస్త్రీయముగ వర్ణించిన తొలివారిలో కోనిగ్ ఒకడు. ఆయన 1771లో దక్షిణదేశపు ఇప్పకు బాసియా లాంగిఫోలియా యని పేరిడి, 1785లో కాకినాడ చెంత జగన్నాథపురమున మృతి నొందెను. 1788లో వెలువడిన ఏషియాటిక్ రీసెర్చెస్ తొలిసంపుటమున చార్లెస్ హామిల్టన్ ఈ చెట్టునుగూర్చి యొక వ్యాసము వ్రాసి, ఱాళ్లనేలను, వానలు లేని ఏడులను సైతము సహించు చెట్టు గనుక బీడునేలలందు దీనిని నాటింపవలె నని సూచించెను. సామర్లకోటలో నుండి సర్కారుల వృక్షములను పరిశీలించిన రాక్సుబర్గు 1795లో ప్రకటించిన కోరమండలతీర వృక్షసంపుటమున వెడల్పాకు ఇప్పను జిత్రించెను. శాస్త్రజ్ఞు లిపుడు ఈ చెట్లకు మధూక యనియే జాతినామమును వాడుచున్నారు.

హామిల్టన్ మాట పొల్లుగాలేదు. 1873–74 బీహారు కఱవున ఇప్పపువ్వు వేలకొలది జనుల ప్రాణములను నిలిపిన దని పిదపివారు వ్రాసిరి. అట్లయ్యును ఆ కాలమందే ప్రభుత్వదృష్టి వేఱుదారి బట్టెను. బొంబాయి రాజధానియందు 1878లో ఆబ్కారిచట్టమును, 1892లో ఇప్పపువ్వులకే ప్రత్యేకముగ నొక చట్టమును వచ్చెను. ఇంట సారా కాచుటను నిలుపుటకై పువ్వును దగ్గఱ నుంచుకొనుటయే లైసెన్సునకు లోనయ్యెను. అదే రాజధానియందు ఉరణ్ బట్టీలు ఆ పువ్వునే కాచి, సుంకము చెల్లించి సారాను అమ్ముచుండెను. బట్టీ చేరిన పువ్వు రాబడి; గుడిసెలో నున్న పువ్వు అనుమానాస్పదము. తినుటకు దాచికొన్నదియు, కాచుటకు దాచికొన్నదియు ఒకే గంపలో నుండగా చట్టము వానిని వేఱుచేయజాలదయ్యెను. 1879లో గోదావరి మన్యమున చెలరేగిన రంపపితూరికి కారణములలో నొకటి యగు చిగురుపన్ను కల్లుగీతకు సంబంధించినదే గాని ఇప్పకు గాదు. అయినను చెట్టునుండి ఇంటివాడకమునకై తీసికొను వస్తువుపై ఆబ్కారి చేయివేయుటయే రెండుచోట్లను వివాదమూలము.

స్వతంత్రభారతమున ఈ దృష్టి క్రమముగ మాఱినది. 1956లో విశాఖపట్టణమున నేర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీఫలసాయమును గిరిజనులనుండి కొనసాగెను. 1996 నాటి చట్టము షెడ్యూలు ప్రాంతములందు చిన్నతరహా అటవీఫలసాయముపై గ్రామసభకు స్వామ్యమును, మద్యనియంత్రణమున అధికారమును చూపినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆ ఫలసాయమును సేకరించి అమ్ముకొను హక్కును అడవివాసులకు గుర్తించెను. ఉట్నూరు ప్రాంతమున ఆదివాసి స్త్రీలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి విక్రయించుచున్నారు. గుడపుష్పమను పేరు ఇట్లు మఱల సార్థక మైనది.

హక్కు స్థిరపడినను చెట్టు నిలుచునా యను ప్రశ్న మిగిలియున్నది. పువ్వు లేఱుట సులభమగుటకై చెట్టుక్రింది యాకులకు నిప్పు బెట్టుట పలుచోట్ల వాడుక. ఆ మంటలో మొలకలు మాడిపోవును; గింజలన్నియు నూనెకు బోవుటచే క్రొత్తమొలకలును తక్కువ. నాటినది పూతకు వచ్చుటకు పదేండ్లవఱకు పట్టును. ముదుసలి చెట్లు పువ్వు రాల్చుచున్నంతకాలము ఈ కొఱత కంటబడదు. తాతలు విడిచిపెట్టిన చెట్లక్రింద పువ్వు లేఱువారు మనుమలకై మొలకలను విడిచిపెట్టుటయు, నిప్పునకు బదులు చీపురుతో ఊడ్చుటయో గుడ్డ పఱచుటయో అలవఱచుకొనుటయు అవసరము. నాటింపవలె నని 1788లో హామిల్టన్ చెప్పిన మాటకు నేటికిని ప్రయోజనము తీఱలేదు.