దర్జీ, మేర, టైలర్... మరి మన వీధిలో మిషను కుట్టే అమ్మాయి?

నాట్లు అయిపోయాయి, మొదటి కోటా ఎరువు కూడా చల్లేశాం. కాస్త తీరిక దొరికింది కాబట్టి ఈసారి వరి గురించి కాకుండా ఒక మాట గురించి రాస్తున్నాను. ఇంటర్‌తో చదువు ఆపినవాణ్ణి, తప్పులుంటే పెద్దమనసుతో సరిచెయ్యండి.

మొన్న చినిగిన ప్యాంటు పట్టుకుని మా వీధి చివర మిషను కుట్టే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మాటల్లో మాటగా, "కేంద్రం వాళ్ళ విశ్వకర్మ పథకంలో మీ పని కూడా ఉందిగా అమ్మా, అడిగావా?" అన్నాను. "అందులో దర్జీ అని రాశారంట బాబాయ్. నేను దర్జీని కాదుగా, జాకెట్లు కుట్టుకునేదాన్ని" అంది. పదిహేనేళ్ళుగా మా ఊరి ఆడవాళ్ళ జాకెట్లన్నీ కుడుతున్న మనిషి అన్న మాట అది! ఇంటికొచ్చాక కూడా నా బుర్రలోంచి పోలేదు.

అసలు దర్జీ అంటే ఎవరండీ? అది పారసీ మాట. ఆ భాషలో 'దర్జ్' అంటే బట్టలో కుట్టు, అంటే రెండు ముక్కలు కలిసేచోటు. ఆ కుట్టు వేసేవాడు దర్జీ. మన బందరు ఒకప్పుడు గోల్కొండ నవాబుల రేవు. వాళ్ళ దర్బారులో నడిచింది పారసీ భాషే, బందరు నుంచి పారసీ దేశానికి ఓడలు కూడా వెళ్ళేవి. 'బందరు' అన్న మాటకే పారసీలో రేవు అని అర్థం. పెడనలో అద్దే కలంకారీ పేరు కూడా ఆ భాషదే. పైజామా, లోపల వేసే అస్తరు, చిరుగుకి కొట్టే రఫ్... ఇవన్నీ అటునుంచి వచ్చిన మాటలే.

అంతకుముందు మాటల్లేవా అంటే ఉన్నాయి. సంస్కృతంలో అమరకోశం ఈ పనివాడికి రెండు పేర్లు చెప్పింది. ఒకటి సౌచికుడు. సూచి అంటే సూది, సూదితో బతికేవాడని. రెండోది తున్నవాయుడు. చినిగినదాన్ని మళ్ళీ నేసినట్టు కలిపేవాడని. అంటే మన రఫ్ కొట్టేవాడే! ఆ రోజుల్లో పంచె, చీర, కండువా మగ్గం మీదనుంచి దిగినవి దిగినట్టే కట్టేవాళ్ళు. అందుకే నేసేవాడితో పోలిస్తే కుట్టేవాడితో పని తక్కువ. చిరుగు పడితేనే అతను గుర్తొచ్చేవాడు.

తెలంగాణ పల్లెల్లో ఈ వృత్తివాళ్ళని మేరోళ్ళు అంటారు. కన్నడం వైపు చిప్పిగ, సింపిగ అంటారు. ఈ 'మేర' మన రైతులకి కొత్త మాటేమీ కాదు. మేర అంటే హద్దు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఊరి చాకలికి, మంగలికి, కమ్మరికి తీసిపెట్టే వాటాని కూడా పాత రోజుల్లో మేర అనేవాళ్ళు. మూడింటికీ పలుకు ఒకటే, అర్థాలు వేరు. మా చిన్నప్పుడు సంక్రాంతి ముందు కుట్టేవాడు మిషను తెచ్చి మా అరుగు మీద పెట్టేవాడు. ఇంటిల్లిపాదికీ కుట్టి, కూలి ధాన్యంగానే కొలిపించుకుని వెళ్ళేవాడు.

తర్వాత వచ్చింది టైలర్. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే బందరులో వ్యాపారానికి దిగారు. టైలర్ మాట వాళ్ళకి కూడా సొంతం కాదు, ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు. అక్కడ దాని అసలు అర్థం కత్తిరించడం. పారసీవాడు కుట్టుని చూసి పేరు పెడితే, ఫ్రెంచివాడు కత్తెరని చూసి పెట్టాడన్నమాట. చొక్కాకి పెట్టే బొత్తాం పోర్చుగీసు మాట. అది దూర్చే కాజా కూడా వాళ్ళదే, వాళ్ళ భాషలో ఇల్లు అని అర్థం. బొత్తానికి ఇల్లు!

1851లో అమెరికాలో సింగర్ అనే ఆయన తన కుట్టుమిషనుకి పేటెంటు తీసుకున్నాడు. ఆ మిషన్లు మన ఊళ్ళ దాకా వచ్చాక పేరు మళ్ళీ మారింది. మనకిప్పుడు కోత మిషనూ మిషనే, కానీ "ఆమె మిషను కుడుతుంది" అంటే ఇంక వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని పేర్లలో ఒకటి గమనించారా? సౌచికుడు, తున్నవాయుడు, మేరవాడు... అన్నీ మగవాడి పేర్లే. దర్జీ అన్నా, టైలర్ అన్నా మన కళ్ళముందు మెదిలేది మెడలో టేపు వేసుకున్న మగమనిషే. గుడివాడ, బందరు, అవనిగడ్డ బజార్లలో రెడీమేడ్ షాపులు వచ్చాక మగవాళ్ళు చాలామంది ఈ పని వదిలేశారు. పల్లెల్లో పని నిలబెట్టింది ఇంట్లో మిషను పెట్టుకున్న ఆడవాళ్ళు. పని వాళ్ళ చేతికి వచ్చింది, పేరు మాత్రం రాలేదు. ఏ కాగితం మీద చూసినా వాళ్ళు 'గృహిణి'.

మన తెలుగు మాట మాత్రం ఈ తేడా చూడదండి. కుట్టడం అంటే గుచ్చడం. తేలు కుడుతుంది, పిల్లకి చెవులు కుట్టిస్తాం, విస్తరాకు కుడతాం, దబ్బనంతో బస్తా మూతి కుడతాం. ఆ లెక్కన కళ్ళంలో మనమూ కుట్టేవాళ్ళమే. ఆడా మగా, దుకాణం ఉందా లేదా అని ఆ మాట అడగదు. ఎవరు కుడితే వాళ్ళదే ఆ పని.

2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. అందులో టైలర్ పక్కన బ్రాకెట్లో దర్జీ అని ఉంది. జాకెట్లు కుట్టే అమ్మాయి అందులోకి రాదని ఆ మాటలో ఎక్కడా లేదు. మర్నాడు వెళ్ళి ఇదే చెప్పాను, "దర్జీ అంటే నువ్వేనమ్మా" అని. నవ్వింది. "అయితే సచివాలయంలో ఒకసారి అడుగుతాలే బాబాయ్" అంది. వస్తుందో రాదో తర్వాత సంగతి, అడగడమైతే అడగాలి కదా.

మీ ఇంట్లో, మీ వీధిలో కుట్టేవాళ్ళుంటే వాళ్ళకీ ఈ మాట చెప్పండి. మీ ఊళ్ళో వాళ్ళని ఏమని పిలుస్తారో కూడా రాయండి. ఉంటానండి, చేలో నీళ్ళు చూసుకోవాలి.