ఓటు ఉంది, పవర్ సున్నా: లక్సెంబర్గ్ లెక్క

ఈరోజు ఒక చిన్న లెక్క చూద్దాం. లెక్క చిన్నదే గానీ, ఇరుక్కున్నది మాత్రం ఒక దేశం.

మనుషులు ఓటేస్తే మనిషికో ఓటు. మరి గ్రూపులో సభ్యులు దేశాలే అయితే? దేశానికో ఓటంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. జనాభా ప్రకారం అంటే చిన్న దేశం మాట ఎవరూ వినరు. 1958లో ఆరు దేశాలతో యూరోపియన్ ఎకనామిక్ కమ్యూనిటీ మొదలైంది. ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కి తాత లాంటిది. వాళ్లు మధ్యేమార్గం పట్టారు. మంత్రుల కౌన్సిల్‌లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీకి తలా 4 ఓట్లు. బెల్జియం, నెదర్లాండ్స్‌కి చెరో 2. లక్సెంబర్గ్‌కి 1. మొత్తం 17. కమిషన్ పంపిన ప్రతిపాదన మెజారిటీతో పాసవ్వాలంటే 12 రావాలి.

లక్సెంబర్గ్ జనాభా అప్పుడు 3 లక్షల చిల్లర. పశ్చిమ జర్మనీది 5 కోట్ల పైమాటే. అంటే 3 లక్షల మందికే ఒక ఓటు! బంపర్ ఆఫర్ అనిపిస్తుంది కదా?

ఇప్పుడు ఇక్కడ జాగ్రత్తగా చూడండి. లక్సెంబర్గ్ ఓటు వల్ల ఫలితం మారాలంటే, మిగతా వాళ్ల దగ్గర సరిగ్గా 11 ఓట్లు ఉండాలి. కానీ మిగతా వాళ్ల ఓట్లు 4, 4, 4, 2, 2. అన్నీ సరి సంఖ్యలే. ఎలా కూడినా 10 వస్తుంది, 12 వస్తుంది, 11 మాత్రం రాదు. నేను నమ్మలేక చిన్న స్క్రిప్ట్ రాసి 32 కాంబినేషన్లూ రన్ చేశాను. ఒక్కటీ లేదు. అంటే ఈ రూల్ కింద లక్సెంబర్గ్ మంత్రి అవునన్నా, కాదన్నా, ఫలితం అదే. ఆ రూల్ 1972 చివరిదాకా నడిచింది.

పూర్తిగా డమ్మీ అని మాత్రం అనలేం. అందరూ ఒప్పుకుంటేనే కదిలే విషయాలు చాలా ఉండేవి, వాటిలో లక్సెంబర్గ్‌కి వీటో ఉంది. కమిషన్ నుంచి రాని ప్రతిపాదనకైతే 12 ఓట్లతో పాటు నాలుగు దేశాల మద్దతు కూడా కావాలి. మూడు పెద్ద దేశాలు కలిస్తే 12 వస్తాయి గానీ నాలుగో దేశం కావాలి కదా, అక్కడ లక్సెంబర్గ్ పనికొస్తుంది.

ఇంకో తమాషా. మెజారిటీ ఓటింగ్ పెరగబోతోందన్నది కూడా ఒక కారణంగా, 1965లో ఫ్రాన్స్ అలిగి కౌన్సిల్ మీటింగులకి రావడం మానేసింది. 1966 జనవరిలో రాజీ కుదిరింది లక్సెంబర్గ్‌లోనే!

1973లో బ్రిటన్, డెన్మార్క్, ఐర్లాండ్ చేరాయి. ఓట్లు మళ్లీ పంచారు. నాలుగు పెద్ద దేశాలకి 10 చొప్పున, బెల్జియం, నెదర్లాండ్స్‌కి 5, డెన్మార్క్, ఐర్లాండ్‌కి 3, లక్సెంబర్గ్‌కి 2. మొత్తం 58, పాసవ్వడానికి 41. లక్సెంబర్గ్ వాటా దాదాపు 6 శాతం నుంచి మూడున్నర శాతానికి పడిపోయింది. పవర్ మాత్రం పెరిగింది! మిగతా ఎనిమిది దేశాలు ఓటేసే 256 రకాల్లో 5 చోట్ల లక్సెంబర్గే తేలుస్తుంది. ఒకటి నేను చెప్తా: నాలుగు పెద్ద దేశాలు అవునంటే 40, ఇంకెవరూ కలవకపోతే లక్సెంబర్గ్ 2 ఓట్లతో పాస్. మిగతా నాలుగూ మీరు పట్టుకుని కామెంట్లో పెట్టండి.